కొత్త టైరు మెరుపు

కామసముద్రం స్టేషన్ దారిలో శ్రీరామప్పది టైర్ల కొట్టు. కొత్త టైరు ఎక్కించాక అతను బండి వెంటనే ఇవ్వడు. బండివాడి చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టి నిమిరిస్తాడు. "ఎంత నున్నగా ఉండాదో చూడప్పా. ఈ నునుపు అరిగేదాకా నిదానంగా పో. మలుపులో బండి వంచొద్దు," అంటాడు. "నిదానంగా పొయ్యేదానికి పాత టైర్లే చాలు గదన్నా," అని నవ్వేసి పోతారు. అతనూ నవ్వుతాడు. తర్వాత వచ్చినవాడికి మళ్లీ అదే చెప్తాడు.

ఆ ఉదయం వసంత్ గాలి పట్టించుకోవడానికి ఆగాడు. ముందురోజు వేసిన టైర్లు నల్లగా తళతళలాడుతున్నాయి. వెనక కూర్చున్న భార్య నయన, "పూజ చేసి కొబ్బరినూనె పూసినానన్నా, ఎట్ల మెరుస్తా ఉండాయో చూడు," అంది. శ్రీరామప్ప సబ్బునీళ్ల కోసం లేచాడు. "నూనె జారుతుందప్పా. తుడిచేస్తాను, రవ్వంతసేపు ఆగు." "మాలూరుకు ట్రైన్ పోతుందన్నా, సాయంత్రం చూద్దాం," అంటూ వసంత్ బండి కదిలించాడు. శ్రీరామప్ప వెనక కమ్మీ పట్టుకున్నాడు. అది చేతిలోంచి జారిపోయింది. రైల్వే గేటు దగ్గర మలుపులో బండి పక్కకి పడింది. అతను పరిగెత్తి వెళ్లేసరికి వసంత్ కాలు బండి కింద నలిగి ఉంది. నయన తన మోచేతి నెత్తురు చూసుకోలేదు. "పూజలో ఏం తక్కువ చేసినానన్నా?" అని అడిగింది. "ఏం తక్కువ చెయ్యలేదమ్మా. రోడ్డు మీద ఇసుక ఉండాది," అన్నాడు శ్రీరామప్ప, ఇసుక లేని ఆ రోడ్డు వైపు చూడకుండా.