అరచేతి కింద నాలుగో పాదం

మా తెలుగు సారు పోయారు. బంగారుపాళ్యం నుంచి నా చిన్ననాటి సహాధ్యాయి ఫోన్ చేసి, "తెల్లారే పోయినాడబ్బా సారు. బిన్నా రా, ఆలీసెం సెయ్యొద్దు" అన్నాడు. చిత్తూరులో బస్సెక్కాను. దారి పొడవునా మామిడి తోటలు పూత మీదున్నాయి. సారు పోయిన రోజున ఆ నిండు పూతను చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

పద్యం చెప్పడంలో ఆయన తీరే వేరు. బోర్డు మీద నాలుగు పాదాలూ రాసి, చివరిదాన్ని అరచేత్తో మూసేసేవారు. మొదట మా చేత బల్లల మీద తాళం వేయించి నడక పట్టించేవారు. తర్వాత పాదాల్లో రెండో అక్షరం చూడమనేవారు. "ప్రాస దొరికింది గదా. పద్యం మనసు యాడికి పోతా ఉండాదో సూడండప్పా. నాలుగోది మీరే సెప్పండి" అనేవారు. తలా ఒకటి చెప్పాకే చెయ్యి తీసేవారు. అరచేతికి సుద్ద అక్షరాలు తిరగబడి అంటుకుని ఉండేవి. మేం నవ్వితే ఆయనా నవ్వేవారు.

పదో తరగతి చివరి పాఠం రోజు మేం వెళ్ళేసరికే బోర్డు మీద తన సొంత పద్యం రాసి, నాలుగో పాదం చోట చెయ్యి పెట్టి నిలబడి ఉన్నారు.

మామిడి పూతను మంచే రాల్చె
ఏమని ఎవరిని అడుగదు కొమ్మ
భూమికి జారిన పూవుల మీద

నేను లేచి, "చీమలు పాడెను మోసెను నేడు" అన్నాను గొప్పగా.

"ప్రాస కుదిరిందిలేబ్బా, మనసు కుదర్లా. మూడు పాదాలు ఏడిసినాయని నాలుగోది గూడా ఏడవాల్నా? దొరికితే వచ్చి సెప్పండి" అన్నారు.

ఆ తర్వాత సంతలో కనిపించినా, బస్టాండులో కనిపించినా "దొరికిందా?" అనే అడిగేవారు. "మీరే చెప్పండి సార్" అని బతిమాలేవాళ్ళం. గడుసు మనిషి, చెప్పడు అనుకునేవాళ్ళం.

అంత్యక్రియలయ్యాక వాళ్ళావిడ దగ్గర కూర్చుని, "ఆ పాదం మీకైనా చెప్పారా అమ్మా?" అని అడిగాను.

"యాడిది నాయనా! ఆయనకే దొరకలా. మా పాప కన్ను మూసిన యేడు కట్టినాడు, ఆ మూడు పాదాలు. ఆడికే నిలిసిపోయింది. ఇస్కూలు పిల్లోళ్ళు ఎవురైనా సెప్తారులే అంటా ఉండె."

ఇన్నేళ్ళూ ఆయన పరీక్ష పెడుతున్నారనుకున్నాం. ఆయన అడిగింది సాయం.

ఆ చివరి పాఠం రోజు గంట కొట్టాక గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. ఖాళీ అయిన తరగతి గదిలో సారు బోర్డుకు చెయ్యి ఆనించి అలాగే నిలబడి ఉన్నారు, ఏమీ రాయని చోటును మూసిపెట్టి.