కాయ రాలిన చప్పుడు

మొన్న మా అమ్మాయి పుస్తకం ముందు కూర్చుని తూగుతుంటే, ఇంటర్ పరీక్షల ముందు ఈ మొద్దునిద్ర ఏమిటని కసరబోయి ఆగిపోయాను. ఎక్కడో రెండు గుంపులు కొట్టుకున్న వీడియో ఎవరో స్నేహితురాలు పంపిందట, అది చూసిన దగ్గర్నుంచి కళ్ళు మూస్తే అదే కనిపిస్తోందట. ఆ మాట వినగానే అమలాపురంలోని ఈ అపార్ట్‌మెంటులోంచి నా మనసు ముమ్మిడివరం పక్కనున్న మా పెంకుటింటికి వెళ్ళిపోయింది.

మన కోనసీమ పిల్లలకి కొబ్బరికాయ రాలిన చప్పుడొక లెక్కా చెప్పండి? ధబ్బుమని పెరట్లో కాయ పడితే పక్కకి ఒత్తిగిలి మళ్ళీ నిద్రపోయినవాళ్ళమే మనమంతా. తొంభైల్లో, నేను పదో తరగతిలో ఉండగా, పంచాయతీ ఎన్నికలయ్యాక ఊరు రెండుగా చీలి ఒక సాయంత్రం మా ఇంటి మీద రాళ్ళు పడేదాకా నేనూ అంతే. పెంకులు పగిలి వసారాలో పడ్డాయి, అడ్డం వెళ్ళిన మా చిన్నాన్నగారి తల పగిలి నా కళ్ళముందే చొక్కా అంతా తడిసిపోయింది. తరవాత పోలీసులు వచ్చారు, పెద్దలు రాజీ చేశారు, చిన్నాన్నగారికి కుట్లు కూడా విప్పేశారు. నా నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

కాయ రాలితే రాయే అనుకునేదాన్ని. లేచి కూర్చుని రెండో రాయి కోసం ఎదురుచూసేదాన్ని. తెల్లారాక బళ్ళో లెక్కల మాస్టారు బోర్డు మీద రాస్తుంటే తల వాలిపోయేది. నా బెంచీలోనే కూర్చునే అవతలి వీధి అమ్మాయి, మామీద రాళ్ళు వేసినవాళ్ళ పిల్లే, నాలాగే తూగేది. మావాళ్ళు కూడా వాళ్ళ ఇళ్ళ మీద వేశారని తెలిశాక ఆ పిల్ల మీద నా కోపం పోయింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, చదివింది చదివినట్టే మరిచిపోతున్నాను. నాయనమ్మ దిష్టి తీసింది, అమ్మ పక్కలో పడుకోబెట్టుకుంది, ఏం లాభం?

మా నాన్నగారు మాటల మనిషి కారు. ఒకనాడు కాయ పడగానే నేను గోడకి నక్కడం చూసి, మర్నాడే చెట్టెక్కి కాయల దింపు తీసే అతన్ని పిలిపించి ఇంటి చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లన్నీ కాయ మిగలకుండా దింపెయ్యమన్నారు.

"ఇంకా ముదరలేదండీ, ఈ కాయ ఎవరూ కొనరండీ" అని అతను మొత్తుకున్నాడు.

"కొనకపోతే పోనీ. ఎండుమట్టలు కూడా లాగెయ్యి, పిల్ల పడుకోవాలి" అన్నారు నాన్నగారు.

"ఆయ్, అలాగేనండీ" అని అతను నావైపోసారి చూసి చెట్టెక్కాడు. నాయనమ్మ ఊరుకుంటుందా, "కూతురి నిద్ర కోసం చెట్లు బోడిచేసిన మారాజుని నిన్నే చూసేనురా" అని సాయంత్రం దాకా సాధించింది.

ఇక చప్పుడైతే అది రాయే, చప్పుడు లేకపోతే రాళ్ళు లేనట్టే. ఆ లెక్క పట్టుకుని, చెవులు రిక్కించి రిక్కించి అలిసిపోయి ఎప్పుడు నిద్రపోయానో నాకే తెలియదు. పరీక్షలు రాశాను, పాసయ్యాను. కొన్నాళ్ళకి చెట్ల మీద మళ్ళీ కాయ ముదిరింది. ఒక ఉదయం లేచి చూస్తే వాకిట్లో కాయ రాలి ఉంది. అది పడిన చప్పుడు నేను వినలేదు. నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని, నన్ను చూసి నవ్వారు. ఆయన అంత తృప్తిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి ఫోను తీసి బీరువాలో పెట్టాను, పక్కనే పడుకున్నాను. అయినా పిల్ల చీకట్లోకి చూస్తూనే ఉంది. నాన్నగారికి నా భయం ఏ చెట్టు మీదుందో తెలుసు, మనిషిని ఎక్కించి దింపించగలిగారు. నేనిప్పుడు ఏ చెట్టు దింపించను?