వదిన మెడలో కామెర్ల దండ

మా వదిన పోయి ఈ రోజుకు పన్నెండు రోజులు. "కామెర్లొచ్చి పోయింది" అని అమ్మ ఫోన్లో అందరికీ చెబుతోంది. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అవే కామెర్లు అంతకుముందు నాకొచ్చాయి, అన్నకొచ్చాయి, మేం వలసొచ్చి ఉంటున్న ఈ హిందీ ఊరు బీర్‌గావ్‌లో మా వీధిలో సగం మందికొచ్చాయి. అందరం బతికే ఉన్నాం. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మనిషి ఒక్కతే పోయింది, బిడ్డతో సహా.

ఆవిడకు నోరెక్కువ అనేవాళ్ళు. ఆ నోటితోనే ఇంట్లో పోట్లాడి నన్ను శంకర్ నగర్‌లో ఉద్యోగానికి పంపింది. రోజూ నా అన్నం డబ్బాలో తన వంతు వడియాలు కూడా పెట్టేది.

కొళాయి నీళ్ళు మురుగు వాసన కొడుతుంటే మేమంతా ముక్కు మూసుకుని బిందెలు నింపుకున్నాం. వదిన సీసాలో పట్టుకుని వార్డు ఆఫీసుకు నడిచింది. నేనూ వెళ్ళాను. "పానీ ఠీక్ హై," నీళ్ళు బాగానే ఉన్నాయన్నాడు బల్ల వెనకాయన. వదిన మూత తీసి ఆయన ముందు పెట్టింది. "తో పహలే ఆప్ పీజియే సాబ్!" ముందు తమరే తాగండని! ఆయన తాగలేదు. మురుగులోంచి వచ్చే గొట్టమూ మార్చలేదు.

దారిలో వదిన నవ్వింది. "సిగ్గున్నోడికి ఓ మాట సాలమ్మీ. లేనోడికి రోజూ సెప్పాల. రేపు మళ్ళీ వొద్దాం." అలా మూడుసార్లు వెళ్ళింది, ఆ కడుపుతో. నీళ్ళు కాచి తాగుదామంటే మాత్రం అమ్మ వినలేదు. "ఇన్నేళ్ళూ తాగినోళ్ళం సచ్చిపోయామేటి?" అంది.

వదిన కళ్ళు పచ్చబడ్డాయి. ఆసుపత్రికి వెళ్దామన్నది తనే. "నీ మొగుడికీ ఆడపడుచుకీ తగ్గింది కదేటి? నీకూ తగ్గుతాది" అంది అమ్మ. అన్న చొక్కా తగిలించుకుని పనికి వెళ్ళిపోయాడు. ఇక్కడ కామెర్లకు దండ వేస్తారు. చిన్న చిన్న పుల్లలు దారంతో ముడేసి తల మీద పెడితే, రోజురోజుకూ సాగి మెడలోకి, అక్కణ్ణించి కిందికి దిగుతుంది. దండ దిగితే రోగం దిగినట్టేనంటారు. నాకు దిగింది, తగ్గింది. అందుకే వదినకు దండ తెచ్చింది నేనే. చదువుకున్నదాన్ని, నేనే!

దండ బొడ్డు దాకా దిగింది. అమ్మ సంబరపడింది. వదిన మాత్రం తిన్నది తిన్నట్టు కక్కుతోంది. ఐదో రోజు పట్టపగలే మత్తుగా పడుకుంది. లేపితే, "సీసా ఏదమ్మీ, ఆఫీసుకెళ్ళాల" అంటుంది. నీరసం, పడుకోనీ అంది అమ్మ. పడుకోనిచ్చాను.

మర్నాడు ఎంత లేపినా లేవకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరమ్మ ఆ దండ చూసి మా మీద అరిచింది. నీళ్ళ వల్ల వచ్చే ఈ కామెర్లు మామూలు మనుషులకు వచ్చి పోతాయట. కడుపుతో ఉన్నవాళ్ళలో కొందరికి లివర్నే చెడగొట్టి ప్రాణం తీస్తాయట. అది నిద్ర కాదట, విషం మెదడుకెక్కడమట. చదువుతున్న మీరైనా వినండి: కడుపుతో ఉన్న మనిషి కళ్ళు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తండి. మేం పరుగెత్తలేదు. ఆ మరుసటి పొద్దున బిడ్డ పోయింది, సాయంత్రానికి వదిన.

నర్సు దండను కత్తెరతో కోసి నా చేతిలో పెట్టింది. మళ్ళీ ముడేసి, గోడ మేకుకు తగిలించాను. పచ్చి పుల్లలు ఎండి సన్నబడితే ముళ్ళు వదులై దారం సాగుతుంది, అంతే. తీసి పారెయ్యమంటుంది అమ్మ. పారెయ్యను. ఎవరి మెడలోనూ లేకపోయినా, నిన్నటికీ ఇవాళ్టికీ అది ఇంకో వేలెడు కిందికి దిగింది.