వణకని ట్యాంకు

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఊళ్లలో ప్రతి తగువునూ ఒక మెషిన్ తీర్చేస్తుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. అలాంటి మెషిన్ మోసే పనే దొరికింది మరి. దూరంగా ఉన్న గోడ మీద లేజరు వెలుగు వేస్తే, తిరిగొచ్చిన వెలుగును బట్టి ఆ గోడ ఎంత వణుకుతోందో తెర మీద గీతగా చూపించేది. (మా అవ్వ మాత్రం నేను దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తానని చుట్టాలకు చెప్పుకునేది.)

హుజూర్‌నగర్ దగ్గర ఒక ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు పగుళ్లిచ్చింది. దాని పక్కనే బడి. రాళ్ల క్వారీలో పేలుళ్ల వల్లేనని ఊరివాళ్లు, కానే కాదని క్వారీ యజమాని. తేల్చి రమ్మని మా పెద్దసారునూ నన్నూ పంపారు. మేం వస్తున్న సంగతి క్వారీకి ముందే తెలిసింది. ఆ రోజు అక్కడ సుత్తి చప్పుడు కూడా లేదు. పైగా సారు కోసం టెంటు, మైకు, శాలువా యజమానే పంపాడు.

సారు మైకులో అభివృద్ధి గురించి చెబుతున్నంతసేపూ నేను ట్యాంకు మీద లేజరు నిలిపి కూర్చున్నాను. గీత హాయిగా పడుకుంది. (సారు గొంతు పెంచినప్పుడు మాత్రం కాస్త ఒళ్లు విరుచుకునేది.) ఉపన్యాసం ముగించి చాయ్ అందుకుంటూ, "చూసినవా, ట్యాంకు ఉక్కు లెక్కున్నది. గదే రిపోర్టుల రాయి" అన్నాడు సారు.

"ఇయ్యాల క్వారీల ఒక్కటన్న పేల్చలే గద సార్. ఇగ ట్యాంకు ఎట్ల వణుకుతది?" అంది సర్పంచ్ అక్క.

"గదంతా మెషిన్ చూసుకుంటదమ్మా."

నేను ఊరుకోవచ్చు కదా. "పేలిస్తేనే మెషిన్ చెప్తది సార్. బంద్ పెడితే దానికేం తెలుస్తది?" అన్నాను. సారు నా పేరు అడిగి మరీ గుర్తుపెట్టుకున్నాడు.

ఇంతలో, మైకు ఆగింది కాబట్టి సారు వెళ్లిపోయాడనుకున్న క్వారీవాళ్లు, పొద్దున్నుంచి ఆపుకున్నవన్నీ ఒకేసారి పేల్చారు. కుర్చీలు అదిరాయి. గీత తెర పైఅంచుకు ఎగిరింది. సారు చాయ్ సగం శాలువా తాగింది.

"ఇంకో చాయ్ తెమ్మంటనా సార్?" అని నిదానంగా అడిగింది సర్పంచ్ అక్క.

అంతమంది ముందు సారు ఆ ఎగిరిన గీత రిపోర్టు మీదే సంతకం పెట్టక తప్పలేదు. క్వారీ మూతపడింది, ట్యాంకు కూల్చి వేరేచోట కట్టారు, పిల్లలు భయం లేకుండా బడికెళ్లారు. ప్రమాదాన్ని ముందే పసిగట్టినందుకు సారుకు ప్రమోషన్ వచ్చింది. నాకు ఎక్కడో అడవి అంచున ఉన్న అచ్చంపేటకు బదిలీ వచ్చింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సభల్లో నన్ను కూడా సారులాగే మధ్య కుర్చీలో కూర్చోబెడుతున్నారు. ఆనాటి కుర్రాడికి జీతం తక్కువ, నోరెక్కువ. నాకు రెండూ తారుమారయ్యాయి. వాడు గుర్తొచ్చినప్పుడల్లా, జర నోరు మూసుకోరాదుర అనబోయి, ఆగి, నాలో నేనే నవ్వుకుంటాను.