పాండన్న స్టెప్నీ చూసే వేళ

దయ్యాల సినిమా చూస్తూ చూస్తూ, సరిగ్గా దయ్యం వచ్చే ముందు లేచి కారు స్టెప్నీలో గాలి చూడటానికి వెళ్లే మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. ఆయన మా పాండన్న.

మేం శంషాబాద్ ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లం. మా వంతు వచ్చేదాకా పార్కింగ్‌లో గంటలకు గంటలు పడి ఉండాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా కార్ల ఓనరు శివశంకర్ అన్న తన బండి వెనక డోరు ఎత్తి ట్యాబ్ పెట్టేవాడు. ఆయనకు మామూలు దయ్యాలు ఆనవు. ఏ సినిమా చూసి జనం వాంతులు చేసుకున్నారో, ఎక్కడ మూర్ఛపోయారో, అదే వెతికి తెచ్చేవాడు.

తెర మీద తలుపు కిర్రుమనేది. పాండన్న లేచేవాడు.

"లక్ష్మణ్, రారా. స్టెప్నీల గాలి చూసొద్దాం."

"పొద్దుగాలనే చూసినం గదన్నా!"

"పొద్దుగాలి గాలి పొద్దుగాల్నే. నడువ్."

మేం నాలుగడుగులు వేసేలోపు వెనక నుంచి తోటి డ్రైవరు రిజ్వాన్ "యా అల్లా!" అని కేక పెట్టేవాడు. తిరిగి వచ్చేసరికి శవం లేచి, చేయాల్సినవన్నీ చేసి, మళ్లీ పడుకునేది.

"ఏం పాండన్నా, ప్యాంటు తడిసిందా?" అని అందరూ ఒకటే నవ్వులు.

"నాతోని కాదురా నాయనా, నాది పిట్ట గుండె. ఒక్కన్ని పోవాల్నన్నా భయమే, గందుకే వీన్ని తోలుకపోత" అని దండం పెట్టేవాడు. ఆయన కారు స్టెప్నీకి ఉన్నంత గాలి విమానం టైర్లకు కూడా లేదని పార్కింగంతా చెప్పుకునేవారు.

నేనూ నవ్వేవాడిని. నవ్వకపోతే నా సంగతి బయటపడుతుంది. రెండేళ్ల కిందట ఆరాంఘర్ దగ్గర నా కళ్ల ముందే ఒక బైకు లారీ కిందికి పోయింది. ఆ మనిషిని ఎత్తి దవాఖానకు తీసుకెళ్లింది నేనే. ఆయన బతికాడు. కానీ అప్పటి నుంచి తెర మీద నెత్తురు కనబడితే నా చేతులు రెండూ వణుకుతాయి. "చెయ్యి వణికెటోనికి నా బండియ్య" అని శివశంకర్ అన్న ఎప్పుడూ అనే మాట. బండి పోతే నా ఇల్లు గడవదు. సినిమాకు రానంటే ఎందుకని అడుగుతారు. అందుకే వెళ్లి కూర్చుని, 'దేవుడా, పాండన్నకు జర తొందరగా భయం పుట్టించు' అని మొక్కుకునేవాడిని.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ ఛార్జర్ తిరిగిద్దామని పాండన్న ఇంటికి వెళ్లాను. టీవీలో ఒకడి పేగులు బయటికొస్తున్నాయి. పాండన్న రొట్టెలోకి బోటీ కూర నంజుకుంటూ చూస్తున్నాడు!

"అన్నకు భయం గాదా వదినా?" అన్నాను సక్కుబాయి వదినతో.

"ఈయనకా? దయ్యమే వచ్చి పక్కకు కూసుంటే జర జరుగమంటడు. రేపు మీరు చూసెటి సిన్మానంట, ముందుగల్లనే చూస్తున్నడు."

మంచం మీద ట్రిప్ షీట్ వెనక ఆయన వంకర రాత: 'పన్నెండో నిమిషం కత్తి. నలభై ఒకటి నెత్తురు చానా. లక్ష్మణ్‌గాన్ని ముప్పై తొమ్మిదికే లేపాలె.'

ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. "నీకెట్ల తెలిసిందన్నా?"

"ఒకపారి నీ చేతిల చాయ్ గిలాస వణుకుడు జూసిన. ఇగ అడుగుడెందుకు? ఎవ్వనికి చెప్పకు."

నేను ఆయన మాట వినలేదు. మర్నాడు సినిమా మధ్యలో పాండన్న లేవగానే నవ్వులు మొదలయ్యాయి. నేనూ లేచి నిలబడ్డాను. "నవ్వకుండ్రి. భయం అన్నది గాదు, నాది" అని ఆరాంఘర్ సంగతంతా చెప్పేశాను.

శివశంకర్ అన్న నా చేతుల వైపు చూశాడు. "స్టీరింగ్ మీద గూడ వణుకుతయా?"

"ఒక్కనాడు గూడ వణకలేదన్నా."

"మరి ఇన్ని దినాలు ఎందుకు పరేషానైనవురా? నడుపుకో బండి."

"సచ్ చెప్తున్న భై, నేన్ గూడ కండ్లు మూసుకొనే ఒర్రుతున్న" అన్నాడు రిజ్వాన్. ఆ మాట కోసమే కాచుకున్నట్టు శివశంకర్ అన్న టక్కున ట్యాబ్ ఆపేశాడు.

నేను పాండన్న రెండు చేతులూ పట్టుకున్నాను. "నీ మేలు మర్చిపోనన్నా" అన్నాను.

ఆయన చేతులు విదిలించుకున్నాడు.

"మేలు గీలు పక్కకు వెట్టు. రెండేండ్ల సంది ఒక్క సిన్మా గూడ మీ నడుమ కూసొని చూడకపోతి. ఇగ లేచెటి పని తప్పింది, నిమ్మలంగ చూద్దామంటే బంద్ జేస్తిరి! పెట్టుండ్రి మళ్ల, అసలు సీను ముందుంది. లక్ష్మణ్, నువ్వు వోయి చాయ్ తాగిరా."