కొత్తగూడ శిబిరంలో ఒక్క నిమిషం మౌనం

ఆ రోజుల్లో మా దగ్గర మాట్లాడని మనిషంటూ లేడు. బస్టాండులో, దవాఖానలో, మంగలి షాపులో, ఆఖరికి పెండ్లి పందిట్లో కూడా నలుగురు చేరితే చాలు, తెలంగాణ రాష్ట్రం ఎప్పుడొస్తుందన్న మాటే. అంతమంది మాట్లాడుతుంటే, వినడమే ఉద్యోగంగా దొరికిన దాన్ని నేను. హైదరాబాదు నుంచి వచ్చి ఉద్యమం మీద డాక్యుమెంటరీ తీస్తున్న ఒక చిన్న బృందంలో సౌండ్ రికార్డిస్టుని. (నర్మెట్టలో మా అమ్మమ్మకు ఈ ఉద్యోగం గురించి విడమరిచి చెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. అంతా విని ఆమె, "అంటె ఊకె కూసోని ఇనుడేనా? దానికి జీతమిస్తరా?" అని పక్కింటావిడ ముందు నా పరువు తీసింది.) ఇప్పుడంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు వేరు జిల్లాలు గానీ, అప్పటికి అన్నీ ఒకే జిల్లా. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక పాత జీపులో, ఒళ్లో సౌండ్ బ్యాగు పెట్టుకుని తిరిగేదాన్ని.

నా దగ్గర ఒక వైర్‌లెస్ కాలర్ మైకు ఉండేది. మినపగింజంత మైకు అంగీకి తగిలిస్తే, దాని వైరు అంగీ లోపలినుంచి పోయి నడుముకు పెట్టుకున్న చిన్న డబ్బాలో కలుస్తుంది. ఆ డబ్బా పంపే మాటలు నా బ్యాగులోని ఇంకో డబ్బాకు గాలిలో చేరుతాయి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటాను. సిగ్నల్ బాగుంటే పచ్చ లైటు వెలుగుతుంది, మనిషి ఓ వంద గజాలు దాటిపోతే ఆరిపోతుంది. ఇందులో రెండు చిక్కులు. ఒకటి, ఆడపిల్లను కాబట్టి మగవాళ్ల అంగీల్లోకి నేను వైరు తోయలేను. మొహం పక్కకు తిప్పుకుని "అన్నా, గీ వైరు జర లోపలికెల్లి తీస్కో" అంటూ గాలిలో చేతులు తిప్పి చూపించేదాన్ని. రెండోది, మైకు పెట్టుకున్న మనిషి పది నిమిషాల్లో దాని సంగతి మరిచిపోతాడు. భూపాలపల్లిలో సమ్మెలో ఉన్న ఒక బొగ్గుగని కార్మికుడు ఇంటర్వ్యూ మధ్యలో "ఇప్పుడే వస్త" అని గోడ చాటుకు పోయాడు. ఆ తర్వాత నా చెవుల్లో ఏం పడిందో ఇక్కడ రాయను. జనగామలో రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్న అక్క ఒకామె, అదే మైకు పెట్టుకుని, తన ఆడబిడ్డ గురించి తన మనసులోని మాటలన్నీ నాకు వినిపించింది.

ఇన్ని విన్నాక ఇక నన్ను ఏదీ భయపెట్టదనుకున్నాను. అప్పటికింకా కొత్తగూడ పోలేదు కదా.

కొత్తగూడ అంటే అడవి. అప్పట్లో ఫోనులో సిగ్నల్ కావాలంటే ఎక్కడో ఒక ఎత్తు చూసుకుని నిలబడాలి. సెంటర్లో టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు నడిపేవాళ్లు. రోజుకో ఊరివాళ్లో, రోజుకో తండావాళ్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పస్తు కూర్చోవాలి, సాయంత్రం నిమ్మరసంతో విరమించాలి. శిబిరాన్ని నడిపేది ఒక భూస్వామి. మైకు చేతికొస్తే వదలడని అందరూ ఆయనను మైకు పటేలు అనేవాళ్లు. మనిషి మాత్రం వెన్న. దీక్షలో కూర్చున్నవాళ్లలో మా డైరెక్టర్ సారు కన్ను పడింది పక్క తండా నుంచి వచ్చిన ఒక కుర్రాడి మీద. అతను పాడితే చెట్లు కూడా వినాలి, అంత గొంతు. అందరూ పాటన్న అని పిలిచేవాళ్లు. అతని తల్లి కూడా టెంటు కింద ముందు వరసలోనే కూర్చుంది. తండా ఆడవాళ్ల అద్దాల రవికె, మోచేతుల దాకా గాజులు. (ఆ గాజుల చప్పుడుకు నా రికార్డింగులో సగం పాడైందని లోలోపల విసుక్కుంటున్నాను కూడా.)

పాటన్నకు కాలర్ మైకు పెట్టాను. పాట పాడాడు, మాట్లాడాడు. చివర్లో, ఆ రోజుల్లో అందరూ అనేదే, "నా పాణం పోయినా సరె, తెలంగాణ రావాలె" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అతని తల్లి ఒక్కతే కొట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకునే చూస్తూ కూర్చుంది. ఆ ఏడాది ఎన్ని ఇళ్లలో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో అందరికీ తెలుసు. పక్క మండలంలో అయిన ఒక అంతిమయాత్రకు ఆమె కూడా పోయి వచ్చిందట.

మధ్యాహ్నమవుతుండగా పాటన్న లేచి, "ర్యాలీకి మా తండోళ్లను తోల్కొస్త పటేలా" అని బండెక్కి వెళ్లిపోయాడు. నేను కెమెరా అన్నకు కేబుల్ చుట్టిస్తూ చూసుకోలేదు. చూసుకునేసరికి పచ్చ లైటు ఆరిపోయి ఉంది. అతని నడుముకున్న డబ్బాతో సహా అడవిలోకి పోయాడు. కర్రకు తగిలించే పెద్ద మైకు ఇంకోటి ఉన్నా, కాలర్ మైకు ఉన్నదే అది ఒక్కటి. ఇంకా పది ఊళ్ల షూటింగు ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉంటే, డైరెక్టర్ సారు వచ్చి, "అమ్మాయ్, ఈలోగా టెంట్లో రూమ్ టోన్ తీసేయ్" అన్నారు.

రూమ్ టోన్ అంటే ఏమీ లేదు. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోటుకు ఉండే ఊపిరిలాంటి సద్దు. టెంటు గుడ్డ కదలడం, దూరంగా ఓ పిట్ట, అంతే. ఎడిటింగులో మాటకూ మాటకూ మధ్య అతుకు వేయడానికి పనికొస్తుంది. ఎక్కడ షూటింగు చేసినా ఒక నిమిషం అందరినీ మాట్లాడకుండా కూర్చోబెట్టి తీసుకుంటాం. "నువ్వు ఈ ప్రాంతందానివేగా, మీ వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు సారు. నేను పోయి పటేలు చేతిలోని మైకు తీసుకుని (ఆయన చేతిలోంచి మైకు తీసుకున్న మొదటి మనిషిని నేనేనని తర్వాత చెప్పారు) ఇట్లా అన్నాను.

"అన్నలు, అక్కలు, జర అందరు ఒక్క నిమిషం మౌనంగ ఉండుండ్రి. ఎవలు కదలకుండ్రి."

టెంటంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. ముసలివాళ్లు తలపాగాలు తీశారు. చేతులు కట్టుకున్నారు. తలలు వంచారు. రోడ్డు మీద పోతున్న ఒక ట్రాక్టరు అతను కూడా ఇంజను ఆపి, దిగి నిలబడ్డాడు. ఏం క్రమశిక్షణ అనుకున్నాను. హైదరాబాదులో ఇంత నిశ్శబ్దం కోసం అందరినీ ఎన్నిసార్లు బతిమాలుకోవాలో. మురిసిపోయి హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమి పట్టుకుని, కళ్లు మూసుకుని, తల వంచి విన్నాను. అట్లా వినకపోతే మాకు ఆ సద్దు పట్టుబడదు. ఆ భంగిమలో నేను చూసేవాళ్లకు ఎట్లా కనిపించి ఉంటానో ఆలోచించే తెలివి అప్పుడు లేదు.

నిమిషం అయింది. కళ్లు తెరిచి తల ఊపాను. పటేలు గద్గదమైన గొంతుతో, "అమరవీరులకు" అన్నాడు. టెంటు మొత్తం "జోహార్" అంది.

అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఉద్యమంలో మౌనం అంటే ఎవరో పోయారనే. నర్మెట్టలో పుట్టిపెరిగి, అట్లా ఎన్నిసార్లు లేచి నిలబడ్డానో నాకే తెలుసు. హెడ్‌ఫోన్లు తగిలించుకోగానే అదంతా ఎటు పోయిందో.

పటేలు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "ఎవలు బిడ్డా? ఏ ఊరు పిలగాడు?"

"ఎవలు లేరు పటేలా. గది సౌండ్ కోసం."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు చెప్పు. పదిమందిల చెప్పకుంటే మానె."

"నిజంగ ఎవలు లేరు."

"మంచిదే. తల్లులున్న కాడ గట్లనే అనాలె," అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజుల్లో అట్లాంటి వార్త వస్తే మొదట తల్లికి చెప్పేవాళ్లు కాదు. ఏం కాలేదు, ఏం కాలేదు అంటూనే ఇంటికి తీసుకుపోయేవాళ్లు. అందుకని నేను ఏం కాలేదన్న కొద్దీ వాళ్లకు నమ్మకం బలపడింది. టెంటులో అందరూ చుట్టూ చూసుకుని ఎవరు లేరా అని వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎవరు లేరో తెలుస్తూనే ఉంది. తెల్లబోయిన నా మొహం చూశారు, ఖాళీగా ఉన్న పాటన్న చోటు చూశారు. చూపులన్నీ పోయి ముందు వరసలో ఉన్న అతని తల్లి మీద ఆగాయి.

ఆమె లేచింది. ఏడవలేదు. నేరుగా నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నా కొడుకేడి?" అంది.

"తండకు పోయిండు అవ్వా. ఇప్పుడే వస్తడు."

"నువ్వు చెవులకు పెట్టుకోని ఇన్నవ్. నా కొడుకు ఏమన్నడు? ఆఖరుకు ఏమన్నడు?"

వెనక నుంచి ఎవరో ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. కుర్రాళ్లు బండ్లు స్టార్ట్ చేస్తున్నారు. ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు. డైరెక్టర్ సారు "ఏమైందండీ, ఏమైంది" అని అందరినీ అడుగుతున్నారు, ఎవరూ ఆయన వైపు చూడడం లేదు. ఆ తల్లి నా చేతులు వదలడం లేదు. ఈమె ఇప్పుడు ఇక్కడ కూలిపోతే అది నేను చేతులారా చేసినట్టేనన్న ఒక్క ఆలోచన తప్ప నాలో ఇంకేమీ లేదు. జన్మలో అంత భయపడలేదు.

అప్పుడు పచ్చ లైటు వెలిగింది.

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లు లాగి చెవులకు పెట్టుకున్నాను. గరగరమని ఒక చప్పుడు, మళ్లీ ఏమీ లేదు, మళ్లీ గరగర. తర్వాత శుభ్రంగా ఒక గొంతు. "కాకా, ఇంకింత పప్పు ఎయ్యి. పొద్దటిసంది ఏం తినలె." ఆ వెంటనే నమిలే చప్పుడు.

బందుల రోజులు కాబట్టి సెంటర్లో హోటళ్లన్నీ ముందు తలుపు మూసి వెనక తలుపు తెరిచి నడిపేవాళ్లు. టెంటు వెనకే ఉన్న అట్లాంటి ఒక హోటల్లో, నిరాహార దీక్షలో ఉన్న పాటన్న అన్నం తింటున్నాడు.

"బతికే ఉన్నడు అవ్వా" అని హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు పెట్టాను. ఆలోచించి చేసిన పని కాదు. ఆమె మొదట అదిరిపడింది. తర్వాత కదలకుండా నిలబడింది. చూస్తుండగానే మొహం మారింది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, పెదవులేమో నవ్వు ఆపుకోలేక వంకర్లు పోతున్నాయి.

"ఏమంటుండవ్వా? ఏమంటుండు?" అని చుట్టూ మూగారు.

ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"పాట పాడుతుండు" అంది ఆమె.

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పటేలు అంతటితో ఆగితే బాగుండేది. "గట్లనా? గా వైరు మన మైకుసెట్టుకు పెట్టు బిడ్డా, ఊరంత ఇంటది" అని, సంతోషం పట్టలేక తానే నా బ్యాగులోని వైరు పట్టుకుని లాగాడు. పిన్ను సరిపోదని నేను, కరెంటు కొడుతుందని నేను, సారు తిడతారని నేనే. ఏది చెప్పినా ఆయన వినడం లేదు. మైకుసెట్టు అతను పిన్నుల డబ్బా తెరవనే తెరిచాడు. అప్పుడా తల్లి పటేలు చేతిలోంచి వైరు లాక్కుని, "నా కొడుకు పాట ముందుగాల నేను ఇంట. తర్వాత మీరు ఇందురు" అంది. గాజులు గలగలలాడాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కాసేపటికి పాటన్న మూతి తుడుచుకుంటూ, పది మంది తండావాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. అందరూ మీదపడి కౌగిలించుకుంటుంటే అతనికేమీ అర్థం కాలేదు. తల్లి వచ్చి చెంప మీద ఒకటి పీకింది. "ఎందుకు కొడుతున్నవ్ యాడీ?" అన్నాడు బిత్తరపోయి (తండాల్లో అమ్మను యాడీ అంటారు). ఆమె అతని అంగీ కాలరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సాయంత్రం పటేలు నిమ్మరసం గ్లాసు అందించబోతే, "వానికి సగం చాలు" అందట.

మేం సామాను సర్దుకుంటుంటే ఆమె జీపు దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, "బిడ్డా, గది నీ డబ్బల ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. ఆ గొడవలో రికార్డింగు ఆపనేలేదు. "తుడిచెయ్యి. ఉపాసమున్నోడు తిన్నడని తెలిస్తె వాడు తలెత్తుకోలేడు." సరేనని బటను మీద వేలు పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒక్కపారి మల్ల ఇనిపియ్యి. తర్వాత తుడుద్దువు."

జీపు మెట్టు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని మొదటినుంచి చివరిదాకా విన్నది. కొడుకు పప్పన్నం తినడం, పెరుగు అడగడం, నీళ్లు తాగడం. ఆమె వింటున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు నా దగ్గర మంచి మైకులున్నాయి, పేరూ కొంచెం వచ్చింది. అయినా నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు నా వంక గౌరవంగా చూసినప్పుడల్లా, ఆ జీపు పక్కన నిలబడిన పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ తల్లి అట్లా వింటుంటే ఆ పిల్ల, ఏదో ఒకటి అనాలి కదా అని, రికార్డిస్టు కాబట్టి, క్షమాపణ చెప్పుకుంది.

"అంగి రాపిడి మస్తు వచ్చిందవ్వా. సౌండు మంచిగ లేదు."

ఆమె కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. "మంచిగనే ఉన్నది బిడ్డా," అంది.