మా బావ నోరు మూయించిన రోజు

మా రికియావా బావ ముందు "మార్పు" అన్న మాట ఎవరూ అనకూడదు. అన్నారో, ఆ పూట పని మానుకోవాల్సిందే. "దేని నుంచి దేనికి?" అంటాడు. జవాబు చెప్పేదాకా వదలడు. చెప్పాక జేబులోంచి నోటు పుస్తకం తీసి రాసుకుంటాడు. రాసుకున్నాక, ఇదే మాటకి పోయినేడు ఎవరెవరు ఏమేం చెప్పారో చదివి వినిపిస్తాడు. ఆ చదువు పూర్తయ్యేదాకా కూర్చున్నవాణ్ణి మా దీవిలో నేనింతవరకు చూడలేదు.

ఒక ఆదివారం పాదిరిగారు ప్రసంగంలో మన హృదయాల్లో మార్పు రావాలన్నారు. గుడి బయట బావ కాచుకుని ఉన్నాడు.

"ఫాదర్, దేని నుంచి దేనికి?"

"పాపం నుంచి పుణ్యానికి నాయనా."

"ఎవరి పాపం ఫాదర్? పేర్లు చెప్తే రాసుకుంటాను."

ఆ రోజు పాదిరిగారు భోజనానికి కూడా ఆగకుండా మోటారు సైకిలెక్కి వెళ్లిపోయారు. ఆయన కోసం వండిన సీమపనసకాయల కూర, కాల్చిన చేప మేమే తిన్నాం. బావ వల్ల మాకు కలిగిన లాభం చాలాకాలం దాకా అదొక్కటే.

మామూలు రోజుల్లో ఇదంతా భరించవచ్చు. దేశాధ్యక్షుడి ఎన్నికలొస్తేనే మా ప్రాణం మీదికొస్తుంది. పసిఫిక్ సముద్రం నడుమ మా కిరిబాస్‌లో పోటీ చేసేవాళ్లని ముందు పార్లమెంటు ఏరుతుంది, ఏరి మా మీదికి వదులుతుంది. నేను ముప్పై మూడేళ్లు బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. ఎన్నో ఎన్నికలు చూశాను. వచ్చిన ప్రతివాడూ మార్పు తెస్తాననే అన్నాడు. ఇప్పుడు ఆ మాట వింటే నాకు కోపం కూడా రాదు, ఆవలింత వస్తుంది.

వాళ్ల రాక కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పడవ దిగుతారు. మేము తలకి పూలదండ చుట్టి, మెడకి పౌడరు పూస్తాం. మా సభాశాలకి మనియాబా అని పేరు. అక్కడ చాపల మీద కూర్చుని ఆనవాయితీ ప్రకారం పొగాకు కట్ట ముందు పెడతారు. తర్వాత ప్రసంగం. జవాబుగా మాట్లాడే హక్కు పెద్దవాళ్లదే. ఆడవాళ్లు, కుర్రాళ్లు వెనక కూర్చుని వినాలి, లేదా నిద్రపోవాలి. నిద్రపోయినా కాళ్లు మాత్రం సభ వైపు చాపకూడదు.

ఈసారి మా ఊరికి ఒక అవసరం పడింది. పోయినేడు సముద్రం పోటెత్తినప్పటి నుంచి ఉత్తరపు కొసన తొమ్మిదిళ్ల బావి ఉప్పుతేలిపోయింది. ఆ తొమ్మిదిళ్లలో తెరేసియా అత్తదొకటి. మోకాళ్లు అరిగిపోయిన మనిషి రోజూ రెండు డబ్బాలతో గుడి బావిదాకా నడుస్తోంది. ఉత్తరపు కొసనే మా బడి ఉంది, దానికి మంచి రేకుల కప్పుంది. కప్పు కింద ఒక్క ట్యాంకు పెడితే వాన నీళ్లతో తొమ్మిదిళ్లూ బతుకుతాయి. ఆ ట్యాంకే లేదు.

మొదట వచ్చినవాడు తెమాకా. గంటసేపు మార్పు గురించి గర్జించాడు. మా బావ పెద్దల వరసలోంచి చెయ్యెత్తాడు.

"దేని నుంచి దేనికయ్యా?"

"ఈ అసమర్థుల నుంచి సమర్థులకి!"

"అంటే వాళ్లు దిగుతారు, మీరెక్కుతారు. మరి బావి?"

"ఏ బావి?" అన్నాడు తెమాకా. బావ రాసుకున్నాడు.

వారం తిరక్కుండా కైరోరో వచ్చాడు. ఆయన అప్పటికే అధికారంలో ఉన్న పార్టీవాడు. "మార్పు మొదలైంది, దాన్ని కొనసాగనివ్వండి" అన్నాడు.

"మొదలైందా? మాకెవరూ చెప్పలేదే!" అన్నాడు బావ. "దేని నుంచి మొదలైంది?"

"వెనకబాటు నుంచి."

"ఎక్కడిదాకా వచ్చింది?"

"రాజధానిదాకా వచ్చింది పెద్దాయనా."

"పడవ దొరకలేదేమో పాపం" అన్నాడు బావ. వెనక ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. పెద్దలు తలలు దించుకున్నారు. కైరోరో చెమట తుడుచుకుంటే మెడ మీది పౌడరు ముద్దకట్టింది. ట్యాంకు సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు పెద్దలు నన్ను పిలిపించారు. వాళ్లలో ముఖ్యుడు తెబ్వెయా ముసలాయన.

"పంతులూ, శుక్రవారం నబురా వస్తున్నాడు. గెలిచేది అతనే అంటున్నారు. మర్యాదగా ట్యాంకు అడుగుదామనుకుంటున్నాం. మీ బావ నోరు తెరిచాడంటే ట్యాంకు కాదు కదా చెంబు కూడా రాదు."

"నా మాట వింటాడా ఆయన?"

"మామూలుగా చెప్తే వినడు. బుబుసి అడుగు."

బుబుసి అంటే మాకు ప్రాణసంకటం. బంధువు వచ్చి ఆ మాట అని ఏది అడిగినా లేదనకూడదు. లేదంటే వాడి పరువే కాదు, వాడి తాతముత్తాతల పరువు కూడా గంగలో కలుస్తుంది. ఆ భయంతోనే నేను ఒక పడవ, రెండు దుప్పట్లు, ఒక మంచి రేడియో పోగొట్టుకున్నాను.

నేను వెళ్లేసరికి బావ కొబ్బరిచెట్టెక్కి నీరా గీస్తూ పాడుతున్నాడు.

"బావా! బుబుసి!" అని కింద నుంచి అరిచాను.

పాట ఆగిపోయింది. "ఏం కావాలి బావా? సైకిలా?"

"కాదు. నీ నోరు. శుక్రవారం ఒక్కరోజు."

 పైనుంచి ఒక నీరా చుక్క నా నెత్తిన పడింది.

"సైకిల్ తీసుకోరాదూ బావా?" అన్నాడు చివరికి, దీనంగా. "మొన్ననే కొత్త చైను వేయించాను."

"నోరే కావాలి."

"సరే, తీసుకెళ్లు" అన్నాడు. మళ్లీ పాడలేదు. నాకు కొంచెం బాధనిపించింది. కానీ ఊరి మంచికే కదా అని సర్దిచెప్పుకున్నాను. పంతుళ్లకి సర్దిచెప్పడం బాగా వచ్చు, ముఖ్యంగా తమకి తామే.

శుక్రవారం నబురా వచ్చాడు. చక్కటి మనిషి, చక్కటి గొంతు. "మార్పు ముందు మీలో రావాలి" అన్నాడు. మేము సోమరితనం వదలాలట, ప్రభుత్వం వైపు చూడటం మానాలట. మార్పంటే చివరికి మేమే మారడమని తేలింది. మార్పు అన్న మాట నలభై ఒక్కసార్లు అన్నాడు. ఎలా తెలుసంటే, మా బావ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని రెండో చేత్తో పుస్తకంలో గీతలు పెడుతున్నాడు.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాడు నబురా.

తెబ్వెయా లేచాడు. ట్యాంకు సంగతి చెప్పాడనే అనుకోవాలి. కానీ ముందు పొగడ్తలు, వెనక పొగడ్తలు పెట్టి ఎంత మర్యాదగా చెప్పాడంటే, నబురా చేతులు జోడించి "మీ దీవెనలు చాలు" అని లేవబోయాడు. ఇక అయిపోయింది అనుకున్నాను.

"అయ్యా, కాస్త కూర్చోండి" అని వెనక నుంచి ఒక ఆడగొంతు వినపడింది.

తెరేసియా అత్త. స్తంభం పట్టుకుని లేచి నిలబడింది.

"కూర్చో తెరేసియా! సభ ఇది!" అన్నాడు తెబ్వెయా.

"కూర్చుంటాను అన్నయ్యా, మోకాళ్లు నాకూ నొప్పే. ఇన్నాళ్లూ నా మాట రికియావా అడిగేవాడు. ఆయన నోరు ఇవాళ పంతులుగారు పట్టుకెళ్లారంట. మరి నేనేం చెయ్యను?"

సభంతా నావైపు తిరిగింది. నేను చాప అల్లిక ఎలా ఉందో చూసుకుంటూ కూర్చున్నాను.

"మా బావి ఉప్పయ్యా" అందామె నబురాతో. "మేం మారాలన్నారు, బానే ఉంది. బావిని ఎవరు మారుస్తారు?"

"మేం గెలిచాక నీటి విషయంలో ఒక విధానం తెస్తాం తల్లీ."

"ఆ విధానం నా రెండు డబ్బాలూ మోస్తుందా? మీ అమ్మమ్మది ఒనోటోవా దీవి కదూ? మా అమ్మమ్మదీ అక్కడే. అయితే చుట్టాలమే. బుబుసి అడుగుతున్నాను బాబూ. బడి కప్పు కింద పెట్టుకోడానికి ఒక ట్యాంకు. గెలిచినా సరే, ఓడినా సరే."

 నబురా తలకి చుట్టిన పూలదండ సర్దుకున్నాడు. వాగ్దానాలు తప్పడం అతనికి అలవాటే అయి ఉంటుంది. కానీ చుట్టరికం ఎత్తి, నిండు సభలో అడిగిన బుబుసి కాదంటే ఒనోటోవాలో అమ్మమ్మ తరఫువాళ్లు గడప తొక్కనిస్తారా?

"అలాగేనమ్మా" అన్నాడు. మైకులో మాట్లాడే గొంతు కాదది, ఇంట్లో మాట్లాడే గొంతు.

ఎన్నికలయ్యాయి. నబురా ఓడిపోయాడు, కైరోరో గెలిచాడు. కైరోరో మార్పు ఇంకా రాజధాని దాటలేదు. ఓడినవాడి ట్యాంకు మాత్రం రెండు నెలలకి కొబ్బరి ఎక్కించుకెళ్లడానికొచ్చిన ఓడలో దిగింది. ఊరంతా కలిసి దొర్లించుకుంటూ బడిదాకా తీసుకెళ్లాం. తెరేసియా అత్త పక్కనే నడుస్తూ "మెల్లగా, మెల్లగా!" అని పెళ్లివారిలా హడావుడి చేసింది.

ట్యాంకు నిలబెట్టాక బావ పక్కన చతికిలబడ్డాను.

"ఆ ప్రశ్నలన్నీ నీవి కావా బావా?"

నోటు పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. ప్రతి ప్రశ్న పక్కనా ఒక పేరుంది. బావి ప్రశ్న తెరేసియాది. దేని నుంచి మొదలైందని అడగమన్నది చేపలు పట్టే కుర్రాడు. నీరా ఇచ్చే వంకతో ఇల్లిల్లూ తిరిగి, సభలో నోరెత్తే హక్కు లేనివాళ్ల ప్రశ్నలు పోగుచేసేవాడట.

"నాకైనా చెప్పొచ్చు కదయ్యా! నిన్ను చూసి ఎంత నవ్వుకున్నామో!"

"చెప్తే పెద్దలు వాళ్ల మీద పడతారు బావా. నాదైతే పిచ్చి అనుకుని వదిలేస్తారు. నాకేం పోయింది?"

ముప్పై మూడేళ్లు పిల్లలకి పౌరనీతి చెప్పినవాణ్ణి. సిగ్గేసింది. ముఖం దాచుకోవడానికి పేజీ తిప్పాను. అక్కడ మా ఆవిడ ఎరితాబెటా పేరుంది. పక్కన ప్రశ్న: దీవుల మధ్య తిరిగే ఓడలో ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఎప్పుడు కడతారు? దాని కింద, శుక్రవారం అడగవలసినది, అడగలేదు అని బావ చేతిరాత.

తలెత్తేసరికి మా ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. వెనక ఊళ్లో ఆడవాళ్లందరూ ఉన్నారు.

"ఓడ కప్తాను ఇంకా వెళ్లలేదు, తీరం మీదే ఉన్నాడు" అంది. "బుబుసి. ఈసారి మీ నోరు కావాలి."

లేదనడానికి వీల్లేదు. లేచి పంచె దులుపుకుని తీరం వైపు నడిచాను. మా బావ నా పక్కనే వచ్చాడు, ధైర్యానికి.